నేలమాళిగలో పన్నెండు రుచులు

నేను ఒక గాజు గొట్టాన్ని. జానెడున్నర పొడవు, కింద ఉబ్బిన పొట్ట, పైన సన్నని మెడ. పొట్టలో ఇనుప గుండ్లు పోసి లక్కతో బిగించారు. మెడలో అంకెలు అచ్చేసిన కాగితం చుట్ట పెట్టారు. నన్ను హైడ్రోమీటరు అంటారు. మీరు నన్ను చూసి ఉండరు, చూసినా జ్వరం కొలిచే థర్మామీటరుకు పెద్దన్న అనుకుని ఉంటారు.

నా పని ఒకటే, ద్రవంలో నిలువుగా తేలడం. తీపి ఎక్కువుంటే పైకి తేలుతాను. ఈస్టు ఆ తీపిని తినేకొద్దీ కిందికి దిగుతాను. నేనెంత దిగానో చూసి బీరు ఎంతదాకా వచ్చిందో మనుషులు తెలుసుకుంటారు. తీపి పోయినచోట రెండు పుడతాయి. ఒకటి మత్తు. దానికోసమే జనం వస్తారు. రెండోది గాలి. దాన్ని ఎవరూ పట్టించుకోరు. నేను చెప్పబోయేది ఆ రెండోదాని సంగతి.

అంబాలాలో ఒక ముసలి పనివాడు నన్ను ఊది, మంటమీద మెడ సాగదీశాడు. అక్కణ్నుంచి సంగారెడ్డి దారిలో ఉన్న ఒక పెద్ద బీరు ఫ్యాక్టరీకి చేరాను. అక్కడ ప్రయోగశాలలో సుందరమూర్తిగారి చేతిలో ఇరవై రెండేళ్ళు గడిపాను. ఆ ఇరవై రెండేళ్ళూ ఒకటే బీరు. పచ్చగా, పలచగా, మంచులా చల్లగా ఉండే లాగరు. నిన్నటిలాగే ఇవాళ, ఇవాళ్టిలాగే రేపు. లక్షల సీసాల బీరుకు మంచిచెడ్డలు చెప్పిన సుందరమూర్తిగారు జన్మలో గుక్కెడు తాగి ఎరగరు. శనివారాలు ఉపవాసం కూడా ఉండేవారు. మనుషుల్లో ఇలాంటివి నాకు వింతగా తోచడం ఎప్పుడో మానేశాయి.

ఆయన రిటైరయ్యే ఏడాది ప్రయోగశాలలో కొత్తగా చేరిన అమ్మాయి బుర్ర స్వరూప. సూక్ష్మజీవశాస్త్రం చదువుకుంది. వాళ్ళది జనగామ దగ్గరి పల్లె. తండ్రి లచ్చయ్య తాళ్ళెక్కే గౌడు. చిన్నప్పుడు లొట్టి మూతి దగ్గర ముక్కు పెట్టి, అది ఈతకల్లో తాటికల్లో, పొద్దున దించిందో మాపున దించిందో ఆమె చెప్పేదట. ఆ ముక్కు సుందరమూర్తిగారికి నచ్చింది. వెళ్ళిపోయే రోజున నన్ను గట్టి ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి ఆమె చేతికిచ్చారు. దీంతో నేను ఒక్క రుచే చూశానమ్మా, నువ్వు మిగతావి చూడు, అన్నారు.

ఏడాది తిరక్కుండానే ఆమె ఆ ఉద్యోగం మానేసి హైదరాబాదు పడమటి అంచున, అద్దాల ఆఫీసుల మధ్య కొత్తగా తెరిచిన 'రాగి బాన' అనే బీరు కేంద్రంలో చేరింది. అక్కడే కాచి అక్కడే పోసే చోటు. కింద నేలమాళిగలో నాలుగు ఉక్కు ట్యాంకులు, పైన బల్లలు, వెనక చెట్లకింద ఆరుబయట కుర్చీలు. యజమాని కిరీటి ముప్ఫై అయిదేళ్ళవాడు. ఎవరినీ నొప్పించకుండా మాట్లాడతాడు, అడిగినదానికి కాదనడు. అటువంటి మనిషి దగ్గర పని చెయ్యడం ఎంత హాయిగా ఉంటుందో, ఎంత ప్రమాదమో అప్పటికి ఆమెకు తెలియదు.

ఆ మొదటి రెండేళ్ళలో నేను చూసిన లోకం అంతకుముందు ఇరవై రెండేళ్ళలో చూడలేదు. గోధుమ బీరులో దిగితే మెడదాకా నురగ, నురగలో మగ్గిన అరటిపండు వాసన, వెనకాల లవంగం. నల్లటి స్టౌటులో దిగితే నా అంకెలే కనిపించేవి కావు. మాడీ మాడని కాఫీగింజల కమ్మదనం, చివర చిరుచేదు. హాప్స్ అనే తీగపూలు దండిగా వేసిన చేదు బీరులో నారింజతొక్క, పచ్చిగడ్డి. ధనియాలూ ఉప్పూ వేసి పులియబెట్టిన బీరు ఒకటి ఉండేది. దాన్ని తాగినవాడు మొదట మొహం చిట్లించి, రెండో గుక్కకు ఆలోచనలో పడి, మూడో గుక్కకు గ్లాసు ముందుకు జరిపేవాడు.

శనివారం మధ్యాహ్నాలు స్వరూప పైబల్ల దగ్గర పదిమందిని కూర్చోబెట్టి రుచి చూడడం నేర్పేది. ముందు రంగు చూడమనేది. తరవాత గ్లాసును గుండ్రంగా తిప్పి, కళ్ళు మూసుకుని వాసన చూడమనేది. ఏ వాసన వస్తే ఆ మాట చెప్పండి, తప్పులుండవు, అనేది. బీరంటే చల్లగా ఉంటే చాలనుకుని వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగి స్టౌటు వాసన చూసి, మా అమ్మమ్మ దాలిలో పాలు కాచిన వాసన అని చెప్పి, చెప్పినందుకు తనే సిగ్గుపడ్డాడు. అతను ఆ తరవాత ప్రతి శనివారం వచ్చాడు. మనుషులు తాగడానికి వస్తారని నేననుకునేదాన్ని. గుర్తు తెచ్చుకోవడానికి కూడా వస్తారని అక్కడే తెలిసింది.

స్వరూపకు సొంతంగా ఒక కోరిక ఉండేది. జొన్నలు మొలకెత్తించి, ఎండబెట్టి, వాటితో బీరు కాయాలి. తుమ్మకట్టెల పొగ పట్టించిన మొలకగింజల మాల్టుతో ఇంకొకటి. ట్యాంకులు నాలుగే కాబట్టి ఆ రెండూ ఆమె నోటుబుక్కులోనే ఉండిపోయాయి.

మూడో ఏడు నిండబోతుండగా కిరీటి ఒక ఆలోచన చేశాడు. వార్షికోత్సవానికి ఒకేరోజు పన్నెండు రకాల బీర్లు పొయ్యాలి. చెక్కపలక మీద పన్నెండు చిన్న గ్లాసులు పెట్టి ప్రతి బల్లకూ ఇవ్వాలి. ఊళ్ళో ఎవరూ చెయ్యనిది. అందుకని నేలమాళిగలోకి మరో ఎనిమిది ట్యాంకులు దించారు. నాలుగింటికోసం కట్టిన గది పన్నెండింటితో కిక్కిరిసింది. మనిషి పక్కకు తిరిగి నడవాల్సి వచ్చింది.

ట్యాంకుల్లో పుట్టే గాలి మామూలు గాలికంటే బరువు. రంగు లేదు, కాస్త ఉన్నప్పుడు వాసనా లేదు. నీళ్ళలాగే పల్లం చూసుకుని నేలమీద పరుచుకుంటుంది, గది నిండేకొద్దీ పైకి లేస్తుంది. దాన్ని తోడి బయటికి పంపడానికి గోడ అడుగున ఒక పెద్ద ఫ్యాను, దాని గొట్టం వెనక చెట్లకిందికి. అక్కడ గొట్టం మూతి దగ్గరిదాకా మరిన్ని కుర్చీలు వేసినప్పటినుంచీ, వెచ్చటి పులిసిన గాలి మొహాన కొడుతోందని వచ్చినవాళ్ళు విసుక్కున్నారు. కిరీటి ఫ్యాను ఆపించి, గొట్టం మూతికి ప్లైవుడ్ ముక్క కొట్టించి, దానిమీద హాప్స్ తీగల బొమ్మ వేయించాడు. చాలా అందంగా వచ్చింది. జనం దాని ముందు నిలబడి ఫోటోలు దిగేవారు.

ఆ గాలి మితిమీరితే కూసే గోడ అలారం రెండోరోజునుంచి కూయడం మొదలుపెట్టింది. కూత పైదాకా వినిపిస్తోందని దాన్ని కూడా ఆపేశారు.

స్వరూప ఊరుకోలేదు. అదే రోజు కిరీటి గదికి వెళ్ళి, ఫ్యాను లేకుండా పన్నెండు ట్యాంకులు నడపకూడదని చెప్పింది. ఆమె కోటు జేబులో నేనున్నాను. అతను కోప్పడలేదు. ఓపిగ్గా అంతా విన్నాడు.

"పండగ అయ్యాక కొత్త గొట్టం మేడ మీదికి వేయిద్దాం స్వరూపా. అప్పటిదాకా తలుపు తెరిచి ఉంచండి. అదీ వద్దంటే పన్నెండు మానేద్దాం, ఆరు చేద్దాం. ఏవి తీసెయ్యాలో నువ్వే చెప్పు. నాకేం పట్టింపు లేదు."

బల్లమీద జాబితా ఉంది. ఆరు తీసెయ్యాలంటే ముందు పొయ్యేవి ఎవరూ పేరు విననివి. జొన్న బీరు, పొగ బీరు. ఆమె ఆ కాగితం చేతిలోకి తీసుకుని చూసింది.

"పన్నెండూ చేద్దాం సర్," అంది.

ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో సంతోషం ఉంది. నేను దాచను.

నేలమాళిగను కడిగేదీ, పీపాలు మార్చేదీ జగ్గారావు. బొబ్బిలివైపు మనిషి, యాభై దాటినవాడు. భార్య ఊళ్ళోనే ఉండేది, రోజూ మధ్యాహ్నం ఫోను చేసుకునేవాడు. బీరు రుచి ఎరగడు కానీ, ఏ ట్యాంకులో ఏముందో మూత దగ్గరి బుడగల చప్పుడును బట్టి చెప్పేసేవాడు. గోధుమది గలగలమంటుందట, నల్లది గొణుగుతుందట. మెట్లపక్కన నేలకు జానెడెత్తున ఒక చెక్కమీద అమ్మవారి పటం పెట్టుకుని, పనిలోకి రాగానే కర్పూరం వెలిగించేవాడు.

పండగకు పదిరోజులుందనగా ఆ కర్పూరం నిలవడం మానేసింది. అగ్గిపుల్ల వెలిగేది, కిందికి వంచగానే ఆరిపోయేది. నేల తుడిచేటప్పుడు తల దిమ్ముగా ఉంటోందని అతను రెండుసార్లు అన్నాడు. గోడవార బొద్దింకలు వెల్లకిలా పడి ఉండేవి. పిప్పికి చేరే ఎలుకలకోసం వచ్చే బూడిదరంగు పిల్లి ఒకరోజు కాలువ జాలీ పక్కన ముడుచుకుని నిద్రపోయినట్టు చచ్చి పడి ఉంది. జగ్గారావు దాన్ని గోనెసంచిలో పెట్టి తీసుకెళ్ళి ఎక్కడో పూడ్చి వచ్చాడు.

ఆ సాయంత్రం స్వరూపతో, కళ్ళెత్తకుండా, "దీపం నిలబడ్డం నేదు మేడమ్. అమ్మవారికేటో కోపమొచ్చినట్టున్నాది," అన్నాడు.

స్వరూప అతనికి జవాబు చెప్పబోయింది. పెదవులు కదిలాయి కూడా. అప్పుడే పైనుంచి ఎవరో పిలిచారు. పటం మెట్ల పైకి మార్చుకో జగ్గారావూ, అక్కడ గాలి తగులుతుంది, అని చెప్పి వెళ్ళిపోయింది. అతను పటం పైకి మార్చాడు. కర్పూరం చక్కగా వెలిగింది. అమ్మవారు శాంతించిందని సంతోషించాడు.

పండగ శనివారం వచ్చింది. పన్నెండు రకాలూ పీపాల్లో నిండి నేలమాళిగ మూలనున్న చల్లగదిలో ఉన్నాయి. పై వారానికోసం పన్నెండు ట్యాంకులూ మళ్ళీ నింపి మూడు రోజులైంది. అంటే ఈస్టు మంచి ఆకలిమీద ఉన్న రోజు. పొద్దున తొమ్మిదికి స్వరూప నన్ను పన్నెండు నమూనాల్లో వరసగా దించింది. ముందురోజుకంటే ఒక్కో దాంట్లో చాలా లోతుకు పోయాను. ఆమె అంకెలు రాసుకుంది, రాసి ఒక క్షణం పెన్ను అలాగే పట్టుకుంది. తలుపు తెరిచే ఉందా అని జగ్గారావును అడిగింది. ఉందన్నాడు. తలుపు మెట్లపైన ఉంటుంది. గాలి నేలమీద ఉంటుంది.

పదకొండుకు లచ్చయ్య వచ్చాడు. బిడ్డ పని చేసే చోటు ఎన్నడూ చూడలేదు. తెల్లపంచె, భుజాన తువ్వాల, తాళ్ళెక్కి ఎక్కి కాయలు కాచిన అరికాళ్ళకు కొత్త చెప్పులు. మూలబల్ల దగ్గర బిగుసుకుని కూర్చున్నాడు. స్వరూప పలకమీద పన్నెండు గ్లాసులు తెచ్చి ఎదురుగా కూర్చుంది. ఆ అరగంటంత తేటగా ఆమె నవ్వడం నేను మళ్ళీ చూడలేదు.

గోధుమ బీరు వాసన చూసి ఇందులో అరటిపండు వేశారా అన్నాడు. వెయ్యలేదు, ఈస్టే ఆ వాసన తెస్తుందని ఆమె చెప్పింది. కుండను బట్టి కల్లు మారినట్టేనన్నమాట, అని తలూపాడు. స్టౌటు తాగి, బొగ్గులమీద కాల్చిన మక్కజొన్న కంకి అన్నాడు. పుల్లటిది నోట్లో పోసుకుని చాలాసేపు ఉంచుకున్నాడు.

"గిది మూడు పూటల కల్లు బిడ్డా. దీన్ని మేం పారబోస్తం. మీరు అమ్ముతున్నరా?"

జొన్న బీరు వంతు వచ్చింది. గ్లాసు ఖాళీ చేసి, దాని అడుగు చూసి, తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు. ఎలా ఉందని ఆమె అడగలేదు. ఆమెకు అర్థమైంది.

జగ్గారావు అటుగా వెళుతూ వాళ్ళిద్దరికీ దండం పెట్టి, ఏడో నంబరు అయిపోయింది, పీపా మార్చి వస్తానని చెప్పాడు. అప్పటికి పన్నెండు కావస్తోంది. బల్లలన్నీ నిండాయి. పాటలు మోగుతున్నాయి. ప్రతి బల్లమీదా గాజుగిన్నెలో ఒక కొవ్వొత్తి, పట్టపగలే.

కాసేపటికి, మీ కుండలేవీ, చూపించు, అని లచ్చయ్య లేచాడు. ఇద్దరూ మెట్లదాకా వచ్చారు. పదిహేడు మెట్లు, మధ్యలో ఒక మలుపు. నాలుగు మెట్లు దిగి లచ్చయ్య ఆగిపోయాడు. ముక్కులో ఏదో చురుక్కుమన్నట్టు మొహం పక్కకు తిప్పాడు.

"లోపట ఎవరన్న ఉన్నరా?"

"జగ్గారావున్నడు నాయినా."

"పిలువు."

ఆమె పిలిచింది. బుడగల చప్పుడు తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ పిలిచింది.

లచ్చయ్య వెనక్కి వెళ్ళి దగ్గరి బల్లమీది కొవ్వొత్తిని గిన్నెతో సహా తీసుకొచ్చాడు. భుజంమీది తువ్వాల చివరకు దాన్ని ముడివేసి, మలుపు దగ్గరి కమ్మీమీదుగా మెల్లగా కిందికి వదిలాడు. పాతరలోకీ పాడుబావిలోకీ దిగేముందు అతని ఊళ్ళో చేసే పని అదే. మంట కొంతదూరం నిటారుగా వెళ్ళింది. తరవాత చిన్నదైంది, నీలమైంది, లేకుండా పోయింది. పొగ పైకి లేవలేదు. ఏదో నీటిమీద తేలినట్టు అడ్డంగా పరుచుకుంది.

కమ్మీమీద వంగితే చల్లగది తలుపు ముందు, ఏడో పీపా పక్కన జగ్గారావు కాళ్ళు కనిపిస్తున్నాయి.

స్వరూప ఒక్క అంగలో మూడు మెట్లు దిగింది. నాలుగోది దిగకముందే తండ్రి చెయ్యి ఆమె జబ్బను పట్టుకుంది. నలభై ఏళ్ళు తాటిబోదెను కరుచుకున్న చెయ్యి అది, విడిపించుకోవడం ఆమె తరం కాలేదు. పూర్వం ఒక ఎండాకాలం పూడిక తీయడానికి బావిలో దిగిన అతని పెద్దన్న పైకి రాలేదు. అతనికోసం దిగిన రెండో అన్నా రాలేదు. మూడోవాడు లచ్చయ్య. అతన్ని తల్లి నడుము పట్టుకుని ఆపింది. ఆ సంగతి స్వరూపకు తెలుసు, ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

"ఒక్కడు పొయ్యిండు బిడ్డా. నువ్వు దిగితే ఇద్దరైతరు," అన్నాడు. గొంతు పెంచలేదు.

కేకలు విని కిరీటి వచ్చాడు. ఏం జరిగిందో ఒక్క చూపులో గ్రహించాడు. నేను ఈ మనిషిని గురించి చెప్పినవన్నీ నిజమే, ఇదీ నిజమే. అతను ఒక్క క్షణం ఆలోచించలేదు. తడిగుడ్డ మొహానికి కట్టుకుని వాళ్ళను దాటుకుని దూకాడు. లచ్చయ్యకు మిగిలింది రెండో చెయ్యే, అది అందలేదు. పైనుంచి మేం చూస్తుండగా కిరీటి జగ్గారావు చంకల కింద చేతులు వేసి లేపాడు, రెండడుగులు లాగాడు. తరవాత ఏదో గుర్తొచ్చినవాడిలా ఆగి, నిద్రొస్తున్నట్టు మెల్లగా కూర్చున్నాడు. కూర్చుని జగ్గారావు మీదికి ఒరిగిపోయాడు. తడిగుడ్డ పొగను ఆపుతుంది. అక్కడున్నది పొగ కాదు.

అప్పుడు తండ్రి వదిలాడు. స్వరూప కిందికి పోలేదు. వెనక ఆరుబయటికి పరుగెత్తి, పీపాలకు వాడే ఇనుపరాడ్డుతో హాప్స్ తీగల బొమ్మను కొట్టడం మొదలుపెట్టింది. చెట్లకింద కూర్చున్నవాళ్ళు ఇదీ పండగలో భాగమనుకున్నారు. ఒకరిద్దరు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ప్లైవుడ్ చీలి ఊడింది. ఆమె లోపలికి వచ్చి మెట్లపైనున్న మీట వేసింది, ఫ్యాను మూలిగి తిరిగింది. వెచ్చటి పులిసిన గాలి బయటి బల్లలమీదికి కొట్టింది. అప్పటికి గాని పాట ఆగలేదు.

లచ్చయ్య మెట్లకు అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. దిగబోయినవాళ్ళు ముగ్గురు. ఒకడు అతన్ని కొట్టాడు కూడా. అతను కదల్లేదు. మాస్కులు, సిలిండర్లు వేసుకుని అగ్నిమాపకదళం వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. కిరీటికి ఊపిరి ఉంది. జగ్గారావుకు లేదు.

మర్నాడు శవాన్ని బొబ్బిలివైపు తీసుకెళ్ళే అంబులెన్సులో స్వరూపా తండ్రీ కూడా ఎక్కారు. వేసుకున్న కోటు తియ్యాలన్న స్పృహ ఆమెకు లేదు, అందుచేత నేనూ వెళ్ళాను. దహనం అయ్యాక జగ్గారావు భార్య అప్పలనర్సమ్మ ఆమెను అరుగుమీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. పెద్దగా ఏడవలేదు. ఏదో లెక్క తేలనిదానిలా నేలకేసి చూస్తూ, ఆయన ఫోనులో కర్పూరం సంగతి చెప్పాడని, అమ్మవారి కోపం తీరడానికి తను మూడు మంగళవారాలు ఉపవాసం మొక్కుకుందని చెప్పింది.

"అది అమ్మవారి కోపం కాదని నీకు తెల్సా అమ్మా?"

"తెలుసమ్మా."

"మరి ఆ మనిషికి సెప్పనేదేటి?"

స్వరూప మజ్జిగ గ్లాసు అరుగుమీద పెట్టేసింది. లచ్చయ్య అరుగుచివర తల వంచుకుని కూర్చున్నాడు. అప్పలనర్సమ్మే గ్లాసు మళ్ళీ ఆమె చేతికిచ్చి, తాగమ్మా, ఎండనపడి వచ్చినావు, అంది.

తిరిగొచ్చిన రోజే ఆమె ఆసుపత్రికి వెళ్ళింది. కిరీటికి తెలివొచ్చింది. మాట ఇంకా ముద్దగా ఉంది. కళ్ళవెంట నీళ్ళు కారుతూనే, విచారణలో ఫ్యాను ఆ రోజు పొద్దునదాకా నడిచిందని చెప్పమని అడిగాడు. నీకూ మంచిదే, నీ పేరూ బయటపడదు, ఇద్దరం బతుకుతాం, అన్నాడు. అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఇద్దరూ నిజంగానే బతికేవాళ్ళు.

స్వరూప అతని దుప్పటి సర్ది, నేను రేపు విచారణకు వెళుతున్నాను సర్, అని మాత్రం చెప్పి వచ్చేసింది.

విచారణ అధికారి ఆఫీసు ఒక పాత మేడలో మొదటి అంతస్తు. గుమస్తా పరమేశం బల్ల వెనక ఇనుపబీరువా, అందులో ఆదివారం నాడు ట్యాంకుల్లోంచి పట్టిన పన్నెండు నమూనాలు. రాగి బాన వాళ్ళ మందపాటి సీసాల్లోనే నింపి, బిరడాలు బిగించి, వాటిమీద లక్క పోసి ముద్ర వేశారు. స్వరూప తన అంకెల పుస్తకమూ నన్నూ బల్లమీద పెట్టింది. అధికారి అడుగుతూ పోయాడు, ఆమె చెబుతూ పోయింది. ఫ్యాను ఎప్పుడు ఆపారు, అలారం ఎప్పుడు ఆపారు, ఎవరెవరికి తెలుసు.

"మీరు అభ్యంతరం చెప్పలేదా?"

"చెప్పాను. ఆరైనా చేద్దాం, నీ ఇష్టం అన్నారు. నేనే పన్నెండు అన్నాను. అదీ రాసుకోండి."

అధికారి తలెత్తి ఆమెను చూశాడు. రాసుకున్నాడు. ఆమె సంతకం చేసింది. నన్ను ఒక సంచిలో వేసి, చీటీ కట్టి బీరువాలో పెట్టబోయాడు పరమేశం. తలుపు తియ్యగానే అతను విసుగ్గా, ఏదో కారుతోందండీ, చీమలు పట్టాయి, అన్నాడు.

స్వరూప లేచి చూసింది. రెండు సీసాల మెడల దగ్గర లక్క పగిలి ఉంది. శనివారం పొద్దున ఆ బీర్లలో తీపి ఇంకా సగానికి పైనే ఉంది, ఒక్క రోజులో అది అయిపోదు. ఆ అంకెలు ఇప్పుడే ఆమె బల్లమీద పెట్టిన పుస్తకంలో ఉన్నాయి. ఈస్టుకు పంచనామా తెలియదు. నాలుగు రోజులుగా అది బిగించిన మూతలకింద తింటూనే ఉంది.

లోపల పుట్టే గాలికి సీసాలు పేలతాయని ఆమె అధికారికి విడమరచి చెప్పింది. అతను మర్యాదగానే విన్నాడు. ముద్ర పగలగొట్టడానికి పైనుంచి ఉత్తరువు రావాలి, రాస్తాను, రెండు మూడు రోజుల్లో వస్తుంది, మీరు వెళ్ళి విశ్రాంతి తీసుకోండి, అన్నాడు.

స్వరూప బయటికి వెళ్ళలేదు. గుమ్మం పక్కన బల్లమీద కూర్చుంది. పరమేశాన్ని మాత్రం కుర్చీ ఆ బీరువా దగ్గర వెయ్యవద్దని చెప్పింది. అతను నవ్వి, పదహారేళ్ళనుంచి ఇక్కడే కూర్చుంటున్నానమ్మా, అన్నాడు. ఆమె మళ్ళీ చెప్పింది. భోజనాల వేళ అయింది, ఆమె కదల్లేదు. అధికారి లోపలికి వెళ్ళినప్పుడూ బయటికి వచ్చినప్పుడూ లేచి నిలబడి అదే మాట, అదే గొంతుతో చెప్పింది. నాలుగోసారికి అతను చిరాకుపడ్డాడు. అయిదోసారికి ఫోను తీశాడు. మూడున్నరకు ఇద్దరు సాక్షులను పిలిపించి, కొత్త పంచనామా రాసి, సరే కానివ్వండి, అన్నాడు.

ఆమె గోనెసంచి తడిపి తెప్పించింది. మొదటి సీసాను దానిలో చుట్టి, కింద పెరట్లో గోడకు ఎదురుగా పెట్టి, అందరినీ వెనక్కి జరగమని, తనే చెయ్యి పొడుగ్గా చాచి లక్క గీరింది. బిరడా గోడకు తగిలిన చప్పుడుకు మేడమీది పావురాలన్నీ లేచాయి. గోడపెచ్చు అరచేతి మేర ఊడి పడింది. నురగ గోనెసంచిని నింపి, మట్టిలో పారి, చాలాసేపటిదాకా చిటపటలాడింది.

పరమేశం నా సంచితోనే పైకి వచ్చాడు. ముందు తన కుర్చీని బీరువా దగ్గర్నుంచి కిటికీ పక్కకు లాక్కున్నాడు. తరవాత నన్ను బీరువా అరలో పెట్టాడు.

పెరట్లోంచి స్వరూప గొంతు వినిపిస్తోంది. రెండోది తీస్తున్నాను, ఇంకా వెనక్కి జరగండి, అంటోంది.